డ్రైవరు పేరిట చీటీ లేదు

పొద్దున్న పదింటికి నిలబడాలి, పదింపావుకి కూర్చోవాలి. నియమం అదీ. నిలబడటం సరిగ్గా పదింటికే జరిగేది. కూర్చోవడం మాత్రం ఏ ఒక్క రోజూ పదకొండుకి ముందు జరిగిన పాపాన పోలేదు.

బిలాస్‌పూర్ లింగియాడీహ్‌లో మోటారు పంపుల దుకాణం పై అంతస్తులో ఉండేది ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ. మొత్తం ఎనిమిది మంది. ఎనిమిది మందీ గోడకెదురుగా వరసకట్టి నిలబడాలి. గోడ నిండా పసుపు చీటీలు. నవ్వుమొహం వేసిన రబ్బరు బంతి ఒకటుండేది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి: నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకు అడ్డేమిటి. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడితే మేనేజరు రోహన్ చెయ్యెత్తి, "పార్కింగ్," అనేవాడు. ఆ ముక్కని చీటీ మీద రాసి గోడకి కుడి చివర అంటించేవాడు. అక్కడికి చేరిన చీటీని మళ్ళీ ఎవరైనా తీసి చదివారా అంటే, ఊర్మిళకి తెలిసి లేదు.

అది రెండువేల ఎనిమిది, మే నెల. కూలర్ గాలి వరసలో మొదటి ఇద్దరికే తగిలేది. ఊర్మిళ అయిదోది.

ఆమెకి ముప్పై ఆరేళ్ళు. పన్నెండేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తోంది. పని ఎంతవరకూ వచ్చిందని అడిగితే ఒక్క మాటలో చెప్పి కుర్చీలోకి పోయే మనిషి. జనవరిలో రోహన్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాట చెప్పడానికి గంట పడుతోంది. రోహన్‌కి ఇరవయ్యేడు. బొగ్గు కంపెనీలో తెలుగు ఆఫీసరుగారబ్బాయి, బిలాస్‌పూర్‌లోనే పెరిగాడు, పూణేలో రెండేళ్ళు ఉద్యోగం చేసొచ్చాడు. అక్కడ రెండు రోజుల శిక్షణ తీసుకుని సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. అది ఫ్రేము కట్టి గోడకుంది. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే పనిచేస్తాయని రాయ్‌పూర్‌లో ఉండే ఓనరు ఎక్కడో విన్నాడట. ఆరు నెలల్లో ఫలితం చూపించమని కుర్రాణ్ణి ఇక్కడికి పంపాడు. పాపం, చెడ్డవాడు కాదు. కానీ ఇంట్లో పెరుగన్నం కావాలన్నా వాళ్ళమ్మ చేత చీటీ రాయిస్తాడేమోనని ఊర్మిళకి అనుమానం.

వరసలో చివర నాగభూషణం గారు. అరవై రెండేళ్ళు. రైల్వేలో డ్రైవర్లకి డ్యూటీలు వేసే గుమాస్తాగా రిటైరయ్యారు. డ్యూటీ నియమాలన్నీ నోటికొచ్చు కాబట్టి ఈ ప్రాజెక్టు కోసం పిలిచి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడం అనేది ఉత్త మాటే. ఆయనకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మొదటి వారం ఒక స్టూలు తెచ్చుకున్నారు. "భూషణ్, కూర్చుంటే టీమ్ ఎనర్జీ పడిపోతుంది," అని రోహన్ నవ్వుతూనే ఆ స్టూలు తీయించేశాడు. ఇక్కడ సార్లు, జీలు ఉండకూడదట, అందరూ సమానమట. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో డ్రైవర్లందరి చేతా "నాగభూషణం గారూ" అనిపించుకున్న మనిషి, కొడుకు కన్నా చిన్నవాడి నోట భూషణ్ అయిపోయి, గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకునేవారు.

ఇక ప్రాజెక్టు సంగతి. కోర్బా వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు కరెంటు ఫ్యాక్టరీ ఉంది. దానికి సొంత రైలు లైను, సొంత ఇంజన్లు. బొగ్గు బండ్లు తోలడానికి పద్నాలుగు మంది డ్రైవర్లు. దాదాపు అందరూ రైల్వేలో రిటైరయినవాళ్ళే. వాళ్ళలో ఊర్మిళ తండ్రి గోవిందరావు ఒకడు. ఏ డ్రైవరుకి రెస్ట్ పూర్తయిందో కంప్యూటరు లెక్కగట్టి, డ్యూటీకి రెండు గంటల ముందు అతని ఫోనుకి మెసేజి పంపాలి. వస్తానంటే ఒకటి నొక్కాలి, రానంటే రెండు. ఇంతకుముందు ఈ పని కాయితం మీద జరిగేది. డ్యూటీ దిగి ఇంజన్ల షెడ్‌లో సంతకం పెట్టిన దగ్గర్నుంచి పన్నెండు గంటలు రెస్ట్.

తప్పు ఎక్కడ జరిగిందంటే, మొదటి రెండు వారాల్లోనే జరిగింది. చేసింది ఊర్మిళే. 'షెడ్ అధికారిగా, రెస్ట్ పూర్తయిన డ్రైవరు పేరు నాకు వెంటనే కనిపించాలి' అని చీటీ. అది సాయంత్రంలోగా 'అయిపోయింది' గడిలోకి జరగాలి. షెడ్‌లో సంతకం పెట్టిన టైము కంప్యూటర్లోకి ఎలా రావాలో ఎవరికీ తేలలేదు. గేటు దగ్గర బండ్లు తూచే కాటా మీద ఇంజను ఆగిన టైము మాత్రం దానంతటదే వస్తోంది. ప్రస్తుతానికి అదే వాడెయ్యండి, తర్వాత చూద్దాం అన్నాడు రోహన్. ఊర్మిళ వాడేసింది. ఆ 'తర్వాత' ఇక రాలేదు.

మూడు నెలలు పోయాక, ఒక బుధవారం, పాత డ్యూటీ కాయితాలు పక్కన పెట్టుకుని సరిచూస్తుంటే నాగభూషణం గారికి దొరికింది.

"అమ్మాయ్, ఇది చూడు. బండి మూడింటికి కాటా మీద ఆగింది. బొగ్గు దింపడానికి వరసలో నాలుగు బండ్లున్నాయి. డ్రైవరు ఏడింటిదాకా ఇంజన్లోనే ఉన్నాడు. మన కంప్యూటరు మూడింటి నుంచీ వాడు పడుకున్నాడంటోంది."

ఊర్మిళ ఆ కాయితం తన వైపు లాక్కుంది. "ఇంజను ఆగితే మనిషి పడుకున్నట్టా, బాబాయ్?"

"మన లెక్క ప్రకారం అంతే కదమ్మా." ఆయన మోకాలు నొక్కుకున్నారు. "మా కాలంలో కాల్‌బుక్ అని ఉండేది. డ్యూటీకి పిలిచే కాల్‌మేన్ ఆ పుస్తకం పట్టుకుని సైకిల్ మీద క్వార్టరుకి వచ్చేవాడు. రెస్ట్ తగ్గిన డ్రైవరు అందులో 'రెస్ట్ పూర్తి కాలేదు' అని రాసి, టైము వేసి, సంతకం పెట్టేవాడు. ఆ సంతకం పడ్డాక ఎంత పెద్ద ఆఫీసరైనా నోరెత్తేవాడు కాదు. మీ నాన్న ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో రెండుసార్లే రాశాడు. రెండుసార్లూ నేను చూశాను."

సోమవారం నుంచి ఫ్యాక్టరీలో ఈ ప్రోగ్రాము నడవబోతోంది. ఆదివారం రాత్రి డ్యూటీ తన తండ్రిదే. అరవై మూడేళ్ళ మనిషి. నిద్ర చాలకపోతే మర్నాడు చెంచా పట్టుకున్న చెయ్యి వణకడం ఊర్మిళ కళ్ళారా చూసింది. ఆ చెయ్యే యాభై ఎనిమిది బొగ్గు పెట్టెల బండిని ఆపాలి.

గురువారం పదింటికి బంతి చేతికి రాగానే చెప్పింది. "అడ్డు ఉంది. రెస్ట్ లెక్క తప్పు. సగం పూట పని. సోమవారం లోపల సరిచెయ్యాలి."

"పార్కింగ్," అన్నాడు రోహన్.

"రోహన్, ఇది పక్కన పెట్టే విషయం కాదు..."

"దీదీ, దేఖియే, స్ప్రింట్ లాక్ అయిపోయింది కదా." రెండు వారాలకి సరిపడా పని మొదటి రోజే గోడకెక్కించి తాళం వేసెయ్యడాన్ని వాళ్ళు స్ప్రింట్ అంటారు. "ఇవాళ మీకోసం ఓపెన్ చేస్తే రేపు ఇంకొకరు అడుగుతారు. ఫిర్ డిసిప్లిన్ ఏముంటుంది? నెక్స్ట్ స్ప్రింట్ ప్లానింగ్‌లో తీసుకురండి, నేను మనా చెయ్యను, కాదనను."

చీటీ కుడి చివరకి చేరింది. ఊర్మిళ బంతి పక్కవాడికి ఇచ్చేసింది. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేదు. అయిదు నెలలుగా ఆ గోడకి చెప్పీ చెప్పీ ఆమె గొంతులోని పౌరుషమంతా అరిగిపోయింది. వాదించడానికి కూడా ఒంట్లో కాస్త నిద్రో, కాస్త ఆశో ఉండాలి కదా.

అయినా ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని అన్నాలు తింటుంటే తను కుర్చీలో కూర్చుని లెక్క మార్చేసింది. షెడ్‌లో గుమాస్తా సంతకం టైము టైపు చేసేందుకు ఒక గడి, ఆ గడి నుంచి పన్నెండు గంటలు. నలభై నిమిషాలు పట్టింది. నాగభూషణం గారు ఆరు పాత కాయితాలతో సరిచూసి తలూపారు. ఆ సాయంత్రం స్కూటరు మీద దయాల్‌బంద్‌లో ఇంటికి వెళుతుంటే చాలా రోజుల తర్వాత ఊర్మిళకి ఒళ్ళు తేలికగా అనిపించింది. ఇల్లు చేరి అమ్మని అడిగి మరీ రెండు మామిడిపళ్ళు తింది.

శుక్రవారం పొద్దున్న వచ్చి చూస్తే లెక్క మళ్ళీ పాతదే ఉంది.

"నేనే తీసేశాను దీదీ," అన్నాడు రోహన్, దాచకుండా. "చీటీ నంబరు లేని మార్పు కనిపించింది. తప్పని కాదు. కరెక్టే అయ్యుండొచ్చు. లేకిన్ చీటీ లేదు."

"కరెక్టని నీకే తెలిసి తీసేశావా?"

"ప్రాసెస్ ఉంది కదా, దీదీ." రోహన్ గోడ మీది చీటీ ఒకటి సరిచేశాడు. "ఓనరు ప్రతి వారం రిపోర్టు చూస్తారు. చీటీ లేని పని కనపడితే నన్నే అడుగుతారు."

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి షెడ్ అధికారి వచ్చాడు. తెర మీద పేర్లు చకచకా మారుతుంటే చప్పట్లు కొట్టాడు. ఆయన వెళ్ళాక, రెండు వారాలు ఎలా గడిచాయో ఒక్కొక్కరూ ఒక్కో మంచి మాట రాసి గోడకి అంటించాలన్నాడు రోహన్. అదీ నియమమే. ఊర్మిళ చాలాసేపు ఆలోచించి 'కూలర్ బాగుచేయించారు' అని రాసింది.

సోమవారం ప్లానింగ్. ఊర్మిళ ఈసారి పద్ధతి ప్రకారమే చీటీ రాసి తెచ్చింది. 'డ్రైవరుగా, నాకు డ్యూటీ దిగినప్పటి నుంచి రెస్ట్ లెక్క కావాలి, ఎందుకంటే నేను నిద్రపోవాలి.'

రోహన్ దాన్ని రెండుసార్లు చదివాడు. "బహుత్ అచ్ఛా రాశారు దీదీ. ఒక్కటే ప్రాబ్లమ్. డ్రైవరు మన యూజర్ కాదు."

"కాకపోవడమేమిటి?"

"ఆయన మన స్క్రీన్ ముట్టుకోడు కదా. కంప్యూటరు వాడేది షెడ్ అధికారి. వాడేవాళ్ళ పేరుతోనే చీటీ ఉండాలి. ఈ రెస్ట్ మార్పు తనకి కావాలని అధికారి అడిగితే తప్పకుండా రాద్దాం."

"ఆయనెందుకు అడుగుతాడు నాయనా?" అన్నారు నాగభూషణం గారు గోడ దగ్గర్నుంచి. "లెక్క తప్పుగా ఉంటే ఆయనకి డ్రైవర్లు తొందరగా దొరుకుతారు. ఆయనకి లాభమే."

"పార్కింగ్, భూషణ్."

పన్నెండింటికి కొత్త రెండు వారాల పని గోడకెక్కింది, తాళం పడింది. డ్రైవరు పేరిట ఒక్క చీటీ లేదు.

ఒంటిగంటకి ఊర్మిళ భోజనానికి ఇంటికి వెళ్ళింది. వరండాలోనే తల్లి చిన్నతల్లి నోటి మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చింది.

"సడి చెయ్యకే. మీ నాన్న ఎనిమిదిన్నరకి వచ్చినాడు. తానం చేసి, రెండు ముద్దలు తిని పడుకునీసరికి తొమ్మిదిన్నరయిపోనాది. ఇప్పుడిప్పుడే గురక పడతంది."

ఆ మాట పూర్తవుతుండగానే లోపల ఫోను మోగింది. మెసేజి. ఊర్మిళ పరుగున వెళ్ళేసరికి గోవిందరావు లేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళు కాల్‌మేన్ సైకిలు బెల్లుకి లేచిన మనిషి. మోగితే లేవడమే ఆయనకి తెలుసు. కాళ్ళతో మంచం కింద బూట్లు వెతుకుతున్నాడు.

"ఏటమ్మా, ఏటి రాసినాడు? కళ్ళజోడు కానరాడం నేదు."

ఊర్మిళ చదివింది. డ్యూటీ మూడు గంటలకి.

"మూడింటికా? నానేటి, ఏడింటికి దిగినాను గదా. ఇంకా ఏడు గంటలు కూడా అవనేదు." ఆయన గోడ గడియారం వంక చూశాడు. తన లెక్కే తప్పిందేమోనని వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

"బండి మూడింటికి ఆగింది నాన్నా. అక్కణ్ణించి రెస్ట్ కింద లెక్క."

"ఆగితే? నాలుగు గంటలు ఇంజన్లోనే కూకున్నాను గదేటే. ముందు బండి కదిలితే నాను కదపాలి. కన్ను మూయనేదు. అది రెస్టా?" గోవిందరావు బూటు చేత్తో పట్టుకుని కూతురి వైపు తిరిగాడు. "ఎవడే ఈ లెక్క రాసినాడు? బండి తోలినోడేనా ఆడు?"

చిన్నతల్లి గుమ్మంలో నిలబడింది. కూలర్ గడగడమంటోంది.

"నేనే నాన్నా," అంది ఊర్మిళ. "నేనే రాశాను. తప్పని తెలిసి దిద్దాను. మళ్ళీ తీసేశారు."

గోవిందరావు తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఆమెకి అనిపించింది. ఆయన బూటు కింద పెట్టి, ఫోను అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఎక్కడ రాయాల? కాల్‌బుక్‌లో అయితే గీత ఉండీది."

"రాయడానికి లేదు నాన్నా. రాను అంటే రెండు నొక్కాలి."

"ఎందుకు రానో సెప్పక్కర్నేదా?"

"అడగరు."

ఊరికే రానని చెప్పడం ఆయనకి నచ్చలేదు. పని ఎగ్గొట్టినట్టుంటుంది. చివరికి బొటనవేలితో గట్టిగా రెండు నొక్కి, ఫోను కూతురి చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కానీ ఆ పూట మళ్ళీ గురక వినిపించలేదు. ఊర్మిళ పెట్టుకున్న అన్నం పెట్టుకున్నట్టే వదిలేసి ఆఫీసుకి వెళ్ళిపోయింది.

మంగళవారం పదింటికి అందరూ నిలబడ్డారు. రోహన్ మొహం కందిపోయి ఉంది. బంతి తన దగ్గరే పెట్టుకున్నాడు.

"నిన్న ఫ్యాక్టరీలో మొదటి రోజే ఒక డ్రైవరు రాను అన్నాడు. ఇంకో డ్రైవరు దొరికేదాకా ఇంజను రెండు గంటలు ఖాళీగా నిలబడిపోయింది. షెడ్ అధికారి ఓనరుకి ఫోన్ చేశారు. ఓనరు నాకు ఫోన్ చేశారు." మాట మాటకీ బంతిని నొక్కుతున్నాడు. "అర్జెంటు చీటీ ఒకటి వచ్చింది. స్ప్రింట్ ఓపెన్ చేస్తున్నాను."

ఓపెన్ చేస్తున్నాను! అయిదు నెలలుగా బ్రహ్మ దిగివచ్చినా తెరుచుకోని తాళం, ఒక్క ఫోనుకి తెరుచుకుంది. రోహన్ కొత్త చీటీ గోడకి అంటించి చదివాడు. 'షెడ్ అధికారిగా, డ్రైవరుకి రాను అనే వీలు ఉండకూడదు, ఎందుకంటే ఇంజను ఖాళీగా నిలబడకూడదు.'

"అంటే ఆ రెండు తీసెయ్యాలన్నమాట," అన్నాడు వరసలోంచి ఎవరో.

"హాఁ. చిన్న పనే. కార్డులు ఎత్తండి."

పని ఎంత పెద్దదో తలా ఒక అంకెల కార్డు ఎత్తి చూపించాలి. అదొక తంతు. ఒకటి, ఒకటి, రెండు, ఒకటి. నాగభూషణం గారు చేతులు కట్టుకుని ఉన్నారు. మెసేజీల పని మొత్తం ఊర్మిళది కాబట్టి అందరూ ఆమె వైపే చూశారు.

ఊర్మిళ కార్డు ఎత్తలేదు. గోడ దగ్గరికి నడిచి ఆ చీటీ పీకింది. బల్ల మీద పెట్టి దాని కింద నిదానంగా తెలుగులో రాసింది: 'రెస్ట్ పూర్తి కాలేదు.' టైము వేసింది, పది ఇరవై. సంతకం పెట్టింది. పక్కనే ఉన్న రెండు కుర్చీలు లాగి, ఒకటి నాగభూషణం గారి వెనక వేసింది. రెండోదాంట్లో తను కూర్చుంది. ఆయన ఒక్క క్షణం రోహన్ వైపు చూసి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"దీదీ, యే క్యా హై?" రోహన్ చీటీ తీసుకుని చూశాడు. తెలుగు కూడబలుక్కుని చదవడానికి అతనికి కాసేపు పట్టింది. "ఇది ఏం చీటీ? యూజర్ ఎవరు?"

"గోవిందరావు. నిన్న రాను అన్న డ్రైవరు. మా నాన్న." ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "ఇంజన్లో నాలుగు గంటలు మేలుకుని కూర్చుంటే నువ్వూ నేనూ కలిసి ఆయన పడుకున్నాడని రాశాం. మూడున్నర గంటల నిద్ర మీద లేపాం. కాదనడానికి ఆయనకి ఆ ఒక్క అంకె మిగిలింది. దాన్ని తీసే పని నేను చెయ్యను. రెస్ట్ లెక్క సరిచేస్తానంటే ఇప్పుడే చేస్తాను, నలభై నిమిషాలు. అంతవరకూ ఈ కాల్ నేను తీసుకోను. ఓనరుకి రాసుకో."

కింద దుకాణంలో మోటారు పంపు ఒకటి ఆడించి చూస్తున్నారు. కూలర్ దగ్గర నిలబడ్డ ఇద్దరిలో ఒకడు తన కార్డు మెల్లగా కిందకి దించాడు. రోహన్ కుడి చివరన ఎండిపోయి వేలాడుతున్న చీటీల వైపు చూశాడు. పార్కింగ్ అనే మాట నోటి దాకా వచ్చి ఆగినట్టుంది.

"నువ్వే చెప్పాలి, రోహన్," అంది ఊర్మిళ. "బంతి నీ చేతిలోనే ఉంది. నిన్న ఏం చేశావు?"